జ్యామితీయ నైరూప్య ప్రింట్లను, కాన్సెప్చువల్ ఆర్ట్‌ను ఇంట్లో అమర్చడం ఎలా

కొండలూ చెట్లూ ఉన్న చిత్రం కాస్త మసగ్గా అచ్చయినా, ఇసుమంత వంకరగా వేలాడినా కన్ను సర్దుకుపోతుంది. నాలుగు చతురస్రాలు, రెండు గీతలు తప్ప ఇంకేమీ లేని ప్రింటుకు ఆ వెసులుబాటు లేదు. అందులో అంచే బొమ్మ. అంచు చెదిరితే చూడడానికి ఇంకేమీ మిగలదు. అందుకే ఈ రకం ప్రింట్ల విషయంలో ఏ బొమ్మ కొనాలన్నది సగం పనే. ఏ ఫైలు, ఏ కాగితం, ఫ్రేములో ఎలా కూర్చోబెట్టారు, మేకు ఎక్కడ దిగింది అన్నవి మిగతా సగం.

గోడ కొలతతో మొదలు

బొమ్మ ఎంచుకోక ముందే టేపు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాలి. సోఫా, మంచం, బల్ల లాంటి వాటి పైన పెట్టేదైతే ఆ సామాను వెడల్పులో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా బొమ్మ ఆక్రమించాలి. 210 సెం.మీ. సోఫాకు 140 నుంచి 158 సెం.మీ. అన్నమాట. అదంతా ఒకే ఫ్రేము కానక్కర్లేదు. బయటి వెడల్పు 46 సెం.మీ. ఉన్న ఫ్రేములు మూడు తీసుకుని, మధ్యలో 5 సెం.మీ. చొప్పున ఎడం వదిలితే మొత్తం 148 అవుతుంది. ఎక్కువమంది అవసరమైన దానికన్నా చిన్నది కొంటారు. పెద్ద గోడ మీద ఏ4 సైజు బొమ్మ స్విచ్‌బోర్డులా కనిపిస్తుంది.

తర్వాత గదిలో ఇప్పటికే ఎన్ని గీతలున్నాయో చూడండి. పుస్తకాల అరలు, కిటికీ ఊచలు, టైళ్ల సందులు, అన్నీ నిలువు, అడ్డం గీతలే. అవి ఎక్కువగా ఉన్న గదిలో మళ్లీ గళ్ల బొమ్మ పెడితే అది కలిసిపోతుంది. అక్కడ వృత్తాలు, చాపాలు, ఐమూలగా సాగే గీతలు ఉన్నవి నిలబడతాయి. పరదాలు, దిండ్లు, మెత్తటి కుర్చీలు ఎక్కువున్న గదిలో మాత్రం కచ్చితమైన గళ్లు చక్కగా పనిచేస్తాయి.

రంగు విషయంలో ఫోన్ తెరను నమ్మి నిర్ణయించుకోవద్దు. పక్కనున్న రంగును బట్టి రంగు మారినట్టు కనబడుతుందని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1839లోనే వివరంగా రాశారు. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976లో చనిపోయేదాకా, ఒకదానిలో ఒకటి ఒదిగిన చతురస్రాలనే పదేపదే వేస్తూ ఈ సంగతినే పరీక్షించారు. ఇంట్లో దీని అర్థం ఇదీ: లేత పసుపు గోడ మీద బూడిద రంగు చతురస్రం కొద్దిగా నీలంగా కనిపిస్తుంది, లేత నీలం గోడ మీద అదే బూడిద రంగు గోధుమ ఛాయలోకి వెళుతుంది. ప్రింటులోని ముఖ్యమైన రెండు మూడు రంగులను ఏ4 కాగితం మీద పట్టీలుగా అచ్చు వేసి గోడకు అంటించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపాల వెలుగులో చూడండి. నచ్చనిది సాధారణంగా రాత్రే బయటపడుతుంది.

ఫైలు సంగతి

సొంతంగా గీసినా, ఎవరి దగ్గరైనా కొన్నా, జ్యామితీయ బొమ్మకు వెక్టర్ ఫైలు (ఆకారాలను చుక్కలుగా కాక లెక్కలుగా దాచేది, ఎస్‌వీజీ లేదా పీడీఎఫ్) ఉంటే అదే తీసుకోండి. ఎంత పెద్దది చేసినా అంచు పదునుగానే ఉంటుంది. చుక్కలతో కూర్చిన పిక్సెల్ ఫైలే దిక్కయితే 50×70 సెం.మీ. ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 5906×8268 పిక్సెళ్లు కావాలి. దూరం నుంచి చూసే ఫోటోకు అందులో సగం చాలంటారు. అది ఫోటోకు నిజమే. ఐమూల గీతకు కాదు, దగ్గరికి వెళ్లగానే మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. జేపీఈజీని వద్దనండి. రెండు రంగులు కలిసే అంచు పొడవునా అది సన్నటి మురికి లాంటి చుక్కలు వదులుతుంది. పూల బొమ్మలో అవి తెలియవు, తెల్లటి నేల మీది ఎర్ర చతురస్రం చుట్టూ స్పష్టంగా తెలుస్తాయి. పీఎన్‌జీ, టిఫ్ మేలు.

వెక్టర్‌లోనూ ఒక చిక్కు ఉంది. రెండు ఆకారాలను అంచుకు అంచు తాకించి గీస్తే, అచ్చులో వాటి మధ్య వెంట్రుకంత తెల్ల గీత తేలుతుంది. సాఫ్ట్‌వేర్ రెండు అంచులనూ విడివిడిగా నునుపు చేయడం వల్ల వెనకాల ఉన్న తెలుపు తొంగిచూస్తుంది. కింద ఉండే ఆకారం అంచును పైదాని కిందికి 0.3 నుంచి 0.5 మి.మీ. దాకా పొడిగిస్తే ఆ గీత పోతుంది. ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది నిమిషం పని. గీశాక 400 శాతానికి పెంచి ప్రతి కూడలినీ చూసుకోండి.

సమాంతర గీతలు దగ్గర దగ్గరగా ఉన్న బొమ్మలకు ఇంకో లెక్క ఉంది. మామూలు చూపున్న కన్ను విడదీయగలిగే కోణం ఇంచుమించు డిగ్రీలో అరవయ్యో వంతు. మూడు మీటర్ల దూరంలో అది 0.9 మి.మీ. అవుతుంది. అంటే గీతల మధ్య ఎడం మిల్లీమీటరు కన్నా తక్కువైతే సోఫాలో కూర్చున్నవాళ్లకు గీతలు కాదు, బూడిద రంగు మాత్రమే కనిపిస్తుంది. కనిపించాలనుకుంటే 2, 3 మి.మీ. ఎడం ఇవ్వండి.

పాత చిత్రకారుల నకళ్లు వేయించుకోవాలంటే హక్కుల సంగతి చూసుకోవాలి. మాలెవిచ్ 1935లో, మోండ్రియాన్, కాండిన్‌స్కీ, హిల్మా ఆఫ్ క్లింట్ 1944లో చనిపోయారు. చిత్రకారుడు పోయిన 70 ఏళ్లకు హక్కులు ముగిసే దేశాల్లో వీళ్ల బొమ్మలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఆల్బర్స్, అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్‌లవి అలా కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ హక్కులు ముగిసిన చిత్రాల పెద్ద ఫైళ్లను ఉచితంగా ఇస్తాయి. దించుకున్నాక అంచులు కత్తిరించకండి. మోండ్రియాన్ చాలా చిత్రాల్లో నల్ల గీత కాన్వాసు చివరిదాకా పోకుండా కొంచెం ముందే ఆగిపోతుంది. ఫ్రేము సైజు కోసం ఆ కాస్త అంచు కోసేస్తే ఆయన ఎక్కడ ఆపారో ఆ సంగతే పోతుంది. చాలా చౌక నకళ్లలో జరిగేది ఇదే, చూసినప్పుడల్లా బాధనిపిస్తుంది.

కాగితం, అచ్చు

కాన్వాసు వద్దు. నేత గీత అంచును తినేస్తుంది, పైగా చెక్క చట్రం మీద లాగి బిగించినప్పుడు తిన్నటి గీతలు మూలల దగ్గర విల్లులా వంగుతాయి. 200 నుంచి 310 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) దాకా బరువున్న, నునుపైన మ్యాట్ (మెరుపు లేని) కాగితం దీనికి సరైనది. నూలు గుజ్జుతో చేసిన, ఆమ్లం లేని కాగితమైతే ఏళ్ల తరబడి పసుపెక్కదు. తెలుపు మిలమిలలాడాలని కొన్ని కాగితాల్లో మెరుపు రసాయనాలు కలుపుతారు. ఎండ తగిలే చోట అవి శక్తి కోల్పోయి, కాగితం క్రమంగా పసుపు ఛాయలోకి దిగుతుంది. కాబట్టి అవి లేని కాగితమే అడగండి. మెరిసే గ్లాసీ కాగితం మీద నలుపు మరింత చిక్కగా వస్తుందన్నది నిజమే, కానీ పెద్ద నల్ల చతురస్రం అద్దంలా మారి కిటికీని చూపిస్తుంది.

ఇంకుల్లో పిగ్మెంటు రకం అడగండి, డై ఇంకులు వెలుగుకు త్వరగా వెలిసిపోతాయి. నాలుగు రంగులతో పనిచేసే లేజర్ యంత్రాలు లేత రంగును చిన్న చుక్కలుగా విడగొట్టి వేస్తాయి కాబట్టి సన్నటి లేత గీత చుక్కల వరసగా తేలుతుంది. ఎక్కువ రంగుల ఇంకులున్న ఇంక్‌జెట్ యంత్రంలో ఈ ఇబ్బంది తక్కువ. నారింజ, చిలకపచ్చ, ముదురు నీలం తెర మీద కనిపించినంత ప్రకాశంగా కాగితం మీద రావు, నీలమైతే ఊదా వైపు జారుతుంది కూడా. పెద్ద ప్రింటుకు ముందు అదే కాగితం మీద ఆ రంగులున్న ముక్కను ఏ4లో నమూనా తీయించుకోవడం తప్పనిసరి. రెండు మూడు రంగులే ఉన్న బొమ్మకు స్తోమతుంటే స్క్రీన్‌ప్రింట్ చేయించండి. ఒక్కో రంగూ ఒక్కో పొరగా పరుచుకుని, చుక్కలు లేని నిండు రంగు వస్తుంది. అక్కడ చూసుకోవాల్సింది పొరలు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చున్నాయా లేదా అని.

ఇంటికి వచ్చిన ప్రింటును శుభ్రమైన పొడి చేతులతో ఎదురెదురు మూలల్లో పట్టుకోండి. మ్యాట్ నలుపు మీద గోరు గీసుకున్నా, వేలు రుద్దుకున్నా మెరిసే మచ్చ పడుతుంది. అది తుడిస్తే పోదు, ఇంకా పెరుగుతుంది. చుట్టగా వచ్చినదైతే రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బల్లపరుపు అట్ట, దాని మీద బరువు ఉంచి ఒకటి రెండు రోజులు వదిలేయండి. అప్పుడే వచ్చిన ఇంక్‌జెట్ ప్రింటును కనీసం 24 గంటలు ఆరనివ్వకుండా అద్దం వెనక బిగిస్తే లోపలి తేమ, ద్రావకాల ఆవిరి అద్దానికి మసకలా పడుతుంది.

ఫ్రేములో కూర్చోబెట్టడం

ఎక్కువ ప్రింట్లు పాడయ్యేది ఇక్కడే. కాగితం గాలిలోని తేమను బట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది. నాలుగు పక్కలా టేపుతో అంటిస్తే సాగడానికి చోటు లేక మధ్యలో అలలు లేస్తాయి. నిండు రంగు ఉన్న చోట ఆ అలల నీడలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కాబట్టి పైఅంచున మాత్రమే, రెండు చోట్ల, ఆమ్లం లేని టేపుతో వేలాడదీసినట్టు అంటించాలి. మామూలు సెల్లోటేపు జిగురు కొన్నేళ్లకు కాగితంలోకి ఇంకి గోధుమ మచ్చ అవుతుంది.

మౌంటు బోర్డు (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కిటికీని బొమ్మ అంచు మీదికి ఎక్కించి కోసే అలవాటు ఫ్రేము కట్టేవాళ్లలో ఉంది. సాధారణ ఫోటోకు పరవాలేదు. ఇక్కడ మాత్రం బయటి పట్టీ 3, 4 మి.మీ. సన్నబడి కొలతలు చెడతాయి. బొమ్మ చుట్టూ 8 నుంచి 10 మి.మీ. తెల్ల కాగితం కనిపించేలా కిటికీ కోయమని ముందే చెప్పండి. 2 మి.మీ. మాత్రమే వదిలిస్తే కుదరదు. బొమ్మ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా ఒకవైపు 1, మరోవైపు 3 అయి ఆ తేడా ఫ్రేము ఉన్నంతకాలం కనిపిస్తుంది. 10 మి.మీ.లో అదే తేడా ఎవరికీ తెలియదు. మౌంటు కింది భాగం కాస్త ఎక్కువ వెడల్పుగా ఉంచడం పాత పద్ధతి. ఒంటరి బొమ్మకు అది బాగుంటుంది. వరసగా నాలుగైదు పెట్టే చోట నాలుగు పక్కలా సమానంగా ఉంచితేనే గళ్లు గళ్లుగా కనిపిస్తాయి.

అద్దమా, యాక్రిలిక్కా? మంచం తలవైపు గోడకు, పిల్లలు తిరిగే చోటికి, ఏ1 కన్నా పెద్ద సైజులకు యాక్రిలిక్ మంచిది. తేలిక, పగిలినా గుచ్చుకోదు. గీతలు మాత్రం సులువుగా పడతాయి. అమ్మోనియా ఉన్న అద్దం తుడిచే ద్రావకం దానికి తగలనివ్వకండి, తడి మెత్తటి గుడ్డ చాలు. ముదురు రంగులు ఎక్కువున్న బొమ్మకు ప్రతిబింబం పడని పూత ఉన్న అద్దం తీసుకోవడానికి వెనకాడవద్దు. డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే ఫ్రేము చెక్క మీద కన్నా దీని మీదే అనాలి.

బిగించే ముందు ప్రింటు వెనక పెన్సిల్‌తో పైవైపు బాణం గుర్తు వేయండి. నవ్వులాట కాదు. రంగు టేపు పట్టీలతో మోండ్రియాన్ 1941లో చేసిన ‘న్యూయార్క్ సిటీ 1’ దశాబ్దాలుగా తలకిందులుగా వేలాడుతోందని జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియం క్యూరేటర్ 2022లో ప్రకటించారు. అతికిన టేపు చెడుతుందని దాన్ని అలాగే ఉంచేశారు.

వేలాడదీయడం

ఖాళీ గోడ మీద బొమ్మ నడిమధ్య నేల నుంచి 145 నుంచి 155 సెం.మీ. ఎత్తులో ఉండాలి. కింద సామాను ఉంటే ఈ లెక్క వదిలేసి, సామాను పైఅంచుకూ ఫ్రేము కింది అంచుకూ మధ్య 15 నుంచి 25 సెం.మీ. ఉంచండి. రెంటి మధ్య ఎక్కువ ఖాళీ వదిలితే బొమ్మ గాల్లో తేలిపోతుంది. భోజనాల గదిలో చూసేవాళ్లు కూర్చునే ఉంటారు కాబట్టి ఇంకాస్త దించవచ్చు.

ఫ్రేము వెనక తీగ కట్టి ఒకే మేకుకు తగిలించడం ఈ బొమ్మలకు పనికిరాదు. తలుపు గట్టిగా వేసినా పక్కకు వాలిపోతుంది. తీగ తీసేసి, రెండు పక్కలా ఉన్న రింగులను రెండు స్క్రూలకు నేరుగా తగిలించండి. స్క్రూ ఎత్తు లెక్క ఇదీ: బొమ్మ మధ్య ఎత్తుకు ఫ్రేము ఎత్తులో సగం కలిపి, పైఅంచు నుంచి రింగు ఎంత కిందుందో అంత తీసేయాలి. మధ్య 150, ఫ్రేము ఎత్తు 66, రింగు 4 సెం.మీ. కిందుంటే 150 + 33 − 4, అంటే 179 సెం.మీ.

మూడు నాలుగు ఫ్రేములైతే ఒక్కోదానికీ సరిపడా బ్రౌన్ పేపరు కత్తిరించి, రింగుల చోట చిల్లు పెట్టి, మాస్కింగ్ టేపుతో గోడకు అంటించి ముందు చూసుకోండి. కాగితం మీదుగానే గుర్తు పెట్టుకోవచ్చు. ఇటుక, కాంక్రీటు గోడల్లో మేకు కొడితే వంగుతుంది, పెచ్చు లేస్తుంది. 6 మి.మీ. బిట్టుతో రంధ్రం వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దింపి, స్క్రూ బిగించాలి. డ్రిల్లు బిట్టు గులకరాయి తగిలి ఒకటి రెండు మిల్లీమీటర్లు జారడం మామూలే. తక్కువ ఎత్తులో ఉన్న స్క్రూకు మాస్కింగ్ టేపు కొన్ని చుట్లు చుడితే ఆ కాస్తా లేస్తుంది. కింది మూలలకు 3 మి.మీ. ఫెల్టు బిళ్లలు అంటించండి. ఫ్రేము జారదు, వెనక గాలి ఆడుతుంది, గోడ చెమ్మ కాగితానికి ఎక్కదు.

రసమట్టం పెట్టి సరిగ్గా సమంగా వేలాడదీసినా బొమ్మ వంకరగా కనిపిస్తోందా? అయితే సీలింగో, తలుపు చట్రమో మట్టంలో లేదు. తిన్నటి గీతలున్న బొమ్మ పక్కన ఇంటి వంకరలన్నీ బయటపడతాయి. సీలింగుకు 30 సెం.మీ. లోపు ఉన్న బొమ్మను సీలింగు గీతకు సమాంతరంగా సర్దండి, దూరంగా ఉన్నదాన్ని రసమట్టం చెప్పినట్టే ఉంచండి. అంచనా కుదరనప్పుడు బొమ్మను సీలింగు గీతకు దూరంగా జరపడమే మంచిది.

దీపం ఎంచుకునేటప్పుడు సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 పైన ఉన్న ఎల్‌ఈడీ తీసుకుని, నిలువు గీతకు 30 డిగ్రీల వాలులో బొమ్మ మీద పడేలా బిగించండి. 2700 కెల్విన్ పసుపు వెలుగులో నీలాలు నీరసపడతాయి. నీలం ప్రధానమైన బొమ్మకు 3500 దాకా వెళ్లవచ్చు.

నియమమే బొమ్మ అయినప్పుడు

గీసిన బొమ్మ కన్నా దాని వెనక ఆలోచనే ముఖ్యమైన కాన్సెప్చువల్ ఆర్ట్‌లో పద్ధతి తిరగబడుతుంది. సోల్ లెవిట్ 1967లో రాసిన వ్యాసంలో, ఆలోచనే కళను తయారుచేసే యంత్రమవుతుందని అన్నారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో తన మొదటి గోడ చిత్రం గీశారు. ఆ తర్వాతి గోడ చిత్రాల్లో చాలావాటిని ఆయన రాసిచ్చిన సూచనలు చూసి వేరేవాళ్లే గీశారు. ప్రదర్శన అయ్యాక సున్నం కొట్టేస్తారు, సూచన మిగులుతుంది, ఇంకో గోడ మీద మళ్లీ గీస్తారు. జపాన్‌లో పుట్టిన కళాకారుడు ఆన్ కవారా 1966 జనవరి 4 నుంచి, ఆ రోజు తేదీ మాత్రమే రాసిన చిత్రాలు వేశారు. అర్ధరాత్రిలోపు పూర్తికాకపోతే దాన్ని నాశనం చేసేవారు. ఆ నియమం తెలియకపోతే ఎదురుగా ఉన్నది వట్టి తేదీ. కాబట్టి ఇంట్లో ఇలాంటిది పెట్టేటప్పుడు నియమాన్ని కూడా బొమ్మతోపాటే గోడ మీద పెట్టాలి. అది లేకుండా పెట్టడం సగం బొమ్మను అటకెక్కించడమే.

వాళ్ల చిత్రాలను నకలు చేయాల్సిన పని లేదు, నియమం మీరే రాసుకోవచ్చు. మంచి నియమం రెండు మూడు వాక్యాల్లో ముగుస్తుంది, ఎక్కడ ఆపాలో చెబుతుంది, ఇద్దరు వేర్వేరు మనుషులు పాటిస్తే రెండు వేర్వేరు బొమ్మలొచ్చినా రెండూ సరైనవే అవుతాయి. ‘అందమైన గీతలు గీయాలి’ అన్నది నియమం కాదు, ఎందుకంటే పాటించారో లేదో తేల్చలేం. మొదటిసారికి ఇది ప్రయత్నించండి: 120 సెం.మీ. చతురస్రాన్ని 10 సెం.మీ. గళ్లుగా విభజించాలి, ప్రతి గడికీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే కుడికి వాలిన ఐమూల గీత, బొరుసు పడితే ఎడమకు వాలిన గీత గీయాలి, 144 గళ్లూ నిండాక ఆపాలి. ఇలా ఒకే గడిని తిప్పి పేర్చితే ఎన్నెన్ని నమూనాలొస్తాయో ఫ్రాన్స్‌లో సెబాస్టియన్ ట్రూషే అనే మతగురువు 1704లోనే లెక్కగట్టి చూపారు.

గోడ నునుపుగా, మ్యాట్ ఎమల్షన్‌తో ఉండాలి. చతురస్రం కింది అంచు నేల నుంచి 90 సెం.మీ. పైన ఉంటే మనుషుల భుజాలు, కుర్చీల వీపులు రాసుకోవడం తగ్గుతుంది. దారానికి బరువు కట్టి మధ్య నిలువు గీత పట్టుకుని, మూలమట్టంతో అడ్డం గీత తీసి, అక్కడి నుంచి గుర్తులు పెట్టండి. ఒక గుర్తు నుంచి పక్క గుర్తుకు 10 సెం.మీ. చొప్పున కొలవకండి. ప్రతిసారీ మిల్లీమీటరు తప్పినా పన్నెండో గడికి 12 మి.మీ. తప్పు పేరుకుంటుంది. టేపు సున్నాను ఒకే చోట బిగించి 10, 20, 30 అని ఒకేసారి గుర్తించాలి. గడి గీతలు కనీకనబడనట్టు గీసి, ఐమూల గీతలు మాత్రం హెచ్‌బీ పెన్సిల్‌తో స్పష్టంగా లాగండి. 2హెచ్ పెన్సిల్ గోడను గీరుతుంది, 2బీ అలుక్కుపోతుంది. ఒక వరస అవగానే పెన్సిల్ చెక్కండి, స్కేలు అడుగు తుడవండి. స్కేలుకంటిన పెన్సిల్ పొడి పక్క గడిలో మరకవుతుంది. కుడిచేతి వాటమైతే పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టాలి.

నాణెం ఫలితాలు ముందే 12 వరసలుగా పుస్తకంలో రాసుకుని తర్వాత గీయండి. మనసుకు తోచినట్టు కుడి, ఎడమ అనుకుంటూ పోతే చేయి తెలియకుండానే మార్చి మార్చి గీస్తుంది, ఆ బొమ్మలో ఎక్కడా పొడవాటి దారి ఏర్పడదు. నిజమైన నాణెం వరసగా ఐదారు బొమ్మలు కూడా వేస్తుంది, అక్కడే కన్ను ఆగే చోటు పుడుతుంది. పొరపాటు పడితే చెరపాలా, ఉంచాలా అన్నది కూడా మొదటే నియమంలో రాయాలి. మధ్యలో తేల్చుకుంటే అది నియమం కాదు, సర్దుబాటు. నియమం రాసిన కాగితాన్ని ఏ5 సైజులో, సాదా అక్షరాలతో అచ్చు వేసి, చతురస్రం కుడి అంచుకు 10, 15 సెం.మీ. దూరంలో, కింది అంచుకు సమంగా పెట్టండి. దానికి బరువైన ఫ్రేము వద్దు.

పెన్సిల్ బదులు రంగు వేస్తే మాస్కింగ్ టేపు అంచు గుండా రంగు లోపలికి పాకుతుంది. టేపు అంటించాక ముందుగా గోడ రంగునే అంచు పొడవునా పల్చగా ఒక పూత వేసి ఆరనివ్వండి. పాకేదేదో ఆ రంగే పాకి సందులు మూసేస్తుంది. పైన కొత్త రంగు వేసి, ఇంకా కొంచెం పచ్చిగా ఉన్నప్పుడే టేపును 45 డిగ్రీల కోణంలో మెల్లగా వెనక్కి మడిచి లాగాలి. పూర్తిగా ఎండాక లాగితే అంచు పొరలుగా లేస్తుంది. కొత్తగా రంగు వేసిన గోడకు టేపు అంటించే ముందు రెండు మూడు వారాలు ఆగండి, లేకపోతే గోడ రంగే ఊడివస్తుంది.

గోడ ఖాళీ చేయాల్సి వస్తే పెన్సిల్ గీతల మీద నేరుగా ఎమల్షన్ కొట్టకండి. పెన్సిల్ పొడి పైకి తేలి బూడిద గీతలుగా కనిపిస్తూనే ఉంటుంది. పొడి గుడ్డతో తుడిచి, మరకలు ఆపే ప్రైమర్ ఒక పూత వేసి, అది ఆరాక రెండు పూతల రంగు వేయండి.